చెంప మీది నీలం

పొద్దున పదకొండు కూడా కాలేదు... గురుసామి ఇంటికి వచ్చేశాడు!

ఇరవై ఆరేళ్ళలో ఏనాడూ ఇలా జరగలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా మెషీన్ ఆగేదాకా ప్రెస్సు వదిలి కదలని మనిషి! అలాంటిది, శివకాశిలో, తమిళ ఆడి నెల ఎండలో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా వీధంతా నడిచి వచ్చాడు. వాకిట్లో భార్య వేల్తాయి, కూతురు అన్నకని కూర్చుని వచ్చే ఏడాది కాలెండర్ల తేదీ కాగితాలు వరుసగా పేరుస్తున్నారు. ఆడి నెల గాలికి ఎగిరిపోకుండా ప్రతి కట్ట మీదా ఒక రాయి పెట్టి ఉంది. గురుసామి వాళ్ళిద్దరినీ చూడనైనా చూడలేదు. కట్టల మధ్య నుంచి నడిచి లోపలికి వెళ్ళి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏమండీ... ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?" వేల్తాయి పరుగున వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చేతిని తోసేశాడు. కోపంతో కాదు... కోపంతో తోసినా ఆమె ఇంత భయపడేది కాదు! తన దగ్గరికి ఎవరూ రాకూడదన్నట్టు, సిగ్గుతో తోశాడు.

అన్నకని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పద్దెనిమిదేళ్ళు నిండినా గట్టిగా ఒక మాట మాట్లాడి ఎరుగని పిల్ల. పన్నెండో తరగతి పాసై ఇంట్లోనే ఉంది. చుట్టాలొస్తే వంటింట్లోకి తప్పుకుంటుంది. కొట్టువాడు చిల్లర తక్కువ ఇచ్చినా అడగలేక తిరిగొస్తుంది. ఆ పిల్లకి లోకంలో భయం లేకుండా మాట్లాడగలిగింది ఒక్క నాన్నతోనే.

ఇంతలో వీధి మలుపులోంచి కేకలు వినిపించాయి. "ఒరే గురుసామీ! నిల్చోరా! చెప్పులైనా తొడుక్కోరా!" గురుసామి అక్క పొన్నమ్మాళ్ రొప్పుతూ వచ్చింది. అదే ప్రెస్సులో కాగితాలు కుట్టే విభాగంలో పనిచేస్తుంది ఆవిడ. ఒక చేతిలో తమ్ముడి చెప్పులు, ఇంకో చేతిలో చీరకొంగు చాటున చుట్టిన కాగితం.

"ఏం చెప్పమంటావే వేల్తాయీ! కొంప మునిగింది. మీ ఆయన వేసిన బాలమురుగన్ బొమ్మ... నాలుగు వేల షీట్లు... అన్నీ పాడు! అణ్ణాచ్చి ఇవాళ పొద్దున కేరళ నుంచి వచ్చాడు. రాగానే చూశాడు."

ప్రెస్సు యజమాని కాశిరాజన్‌ని పనివాళ్ళంతా అణ్ణాచ్చి అనే పిలుస్తారు.

"తిట్టాడా?" అంది వేల్తాయి.

"తిడితే బాగుండును! తిట్టలేదు. 'గురుసామీ, నాలుగు రోజులు ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకో' అన్నాడు. అంతే. వీడు చెప్పులు కూడా మరిచిపోయి బయటికి నడిచాడు... నా కడుపు తరుక్కుపోయింది!"

విశ్రాంతి! ఆ మాట విన్నాక గురుసామి భుజాలు ఒక్కసారి కదిలాయి. మగవాడు ఏడిస్తే శబ్దం రాదు కాబోలు అనుకుంది అన్నకని.

ఇంకా అయిదు రోజుల్లో ఆడి పద్దెనిమిది, ఆ నెల పద్దెనిమిదో రోజు పండగ. శివకాశిలో ప్రతి ప్రెస్సూ వచ్చే ఏడాది కాలెండర్ బొమ్మలన్నీ కలిపి కుట్టిన ఆల్బమ్‌ని ఆ రోజే దేవుడి ముందు పెట్టి పూజ చేస్తుంది. ఆ పూజకు అందకపోతే ఆ ఏడాది పని మొదలుకాని కిందే లెక్క. ఆ ఆల్బమ్‌లో మొదటి బొమ్మ ఎప్పుడూ గురుసామి చేతిదే. అదేదో నియమం కాదు. అలా జరుగుతూ వచ్చిందంతే. మిగతా మెషీన్‌మ్యాన్లు నమూనా బొమ్మను పక్కన పెట్టుకుని, దాన్నీ దీన్నీ చూసుకుంటూ రంగు కలుపుతారు. గురుసామి నమూనా ముట్టుకోడు. "దేవుడి మొహం ఎలా ఉంటుందో నా బుర్రలో ఉంది. పక్కన పెట్టుకుని కాపీ కొట్టడానికి నేనేమైనా పరీక్ష రాస్తున్నానా?" అని నవ్వేవాడు. పసుపు ఒకసారి, ఎరుపు ఒకసారి, నీలం ఒకసారి, నలుపు ఒకసారి... నాలుగుసార్లు కాగితం మెషీన్‌లోంచి వెళ్ళి వచ్చేసరికి ఆ బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేది! మదురైలో, కొల్లంలో, ఎక్కడెక్కడో ఇళ్ళల్లో జనం ఆ బొమ్మకే బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. ఏడాది అయిపోయినా తీసి పారెయ్యలేక పూజగదిలో ఉంచుకుంటారు.

పొన్నమ్మాళ్ కొంగు చాటు నుంచి కాగితం తీసి విప్పింది.

అన్నకని చూసింది. నెమలి పక్కన బాలమురుగన్, చిన్నారి కుమారస్వామి, నవ్వుతున్నాడు. కానీ ఆ చెంపలు... నీళ్ళలో పడ్డ పిల్లాణ్ణి అప్పుడే బయటికి తీసినట్టు, నీలంగా, ప్రాణం లేనట్టుగా!

"ఇంత నీలం వేస్తుంటే ఎవరూ చెప్పలేదా అత్తా?"

"ఎవరు చెప్తారే? గురుసామి వేసిన రంగును తప్పు పట్టే మొనగాడు ఆ ప్రెస్సులో ఎవడున్నాడు? ఇదేదో కొత్త పద్ధతి కాబోలు అనుకున్నారట అందరూ! మనిద్దరం ఊళ్ళో లేని వారంలోనే ఇదంతా జరిగింది చూడు..."

నిజమే. పొన్నమ్మాళ్ మనవరాలు పెద్దమనిషైతే, ఆ వేడుకకి అన్నకని అత్తతో కలిసి సాత్తూరు వెళ్ళింది. ఎనిమిది రోజులు ఉంది. నిన్న సాయంత్రమే వచ్చారు.

ఎనిమిది రోజులు... అన్నకనికి ఏదో గుర్తుకొస్తున్నట్టయింది. ఏడాది నుంచి నాన్న రోజూ ప్రెస్సు నుంచి ఒక షీటు మడిచి తెస్తున్నాడు. వాకిట్లో వెలుతురు ఉండగానే తన ముందు పరిచి, "కనీ, ఈ ఎరుపు ఏ ఎరుపే? కుంకుమా? టమాటానా? కోసిన బీట్‌రూటా?" అని అడిగేవాడు. చిన్నప్పటి నుంచీ ఉన్న ఆటే అది. తను చెప్పేది, ఆయన నవ్వేవాడు. కానీ ఈ మధ్య ఆయన నవ్వడం లేదు. తను చెప్పింది విని, చిన్న కాగితం మీద ఏదో రాసుకుని జేబులో పెట్టుకుంటున్నాడు...

ఆమె కళ్ళు తిప్పి పెరటి వైపు చూసింది. తీగ మీద నాన్న పంచెలు ఆరుతున్నాయి. నాలుగు పంచెలు. నాలుగూ నీలంగా ఉన్నాయి!

ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో పంచెల గొడవే. "తెల్ల పంచెని పసుపు పంచె చేస్తున్నావు! ఉతకడం రాదా నీకు?" అని గురుసామి రోజూ విసుక్కునేవాడు. వేల్తాయి ఏం చేస్తుంది పాపం! ఇంకొంచెం నీలిమందు, మర్నాడు ఇంకొంచెం... ఉతికి ఉతికి ఆమె వేళ్ళ చర్మం ఊడిపోయింది. వీధిలో ఆడవాళ్ళు "మీ ఆయన ఆకాశం కట్టుకుని తిరుగుతున్నాడేంటే?" అని నవ్వితే, తలవంచుకుని వచ్చేది. ఏ తల్లీ కూతురికి చెప్పుకోని మాట, ఒకరోజు అన్నకనితో అనేసింది: "నా చేతుల్లోనే ఏదో దోషం ఉందే కనీ... నేను ఏది ముట్టుకున్నా మీ నాన్నకి పసుపుపచ్చగానే కనిపిస్తోంది."

అన్నకని తీగ మీది పంచె ఒకటి లాగింది. బీరువాలోంచి నీలిమందు చూడని కొత్త తుండు ఒకటి తీసింది. రెండూ తీసుకెళ్ళి తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా... ఇటు చూడు. ఈ రెండింట్లో ఏది తెలుపు?"

గురుసామి రెండింటినీ కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూశాడు. తర్వాత వేలు చాపాడు... నీలం పంచె వైపు!

వేల్తాయి ఒక్కసారిగా గోడకు ఆనుకుని జారిపోయింది. "అయ్యో దేవుడా! మీ కళ్ళా? మీ కళ్ళేనా! ఎనిమిది నెలలు నా చేతుల్ని నేను తిట్టుకున్నానండీ... ఈ చేతులు నరుక్కోవాలనిపించింది ఒకరోజు! ఒక్క మాట... ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"ఏమని చెప్పనే?" అన్నాడు గురుసామి. "పొగ కమ్మినట్టుగా ఉంటోంది. పాలు చూస్తే నెయ్యి కలిపినట్టు కనిపిస్తాయి. మెషీన్‌మ్యాన్‌కి కళ్ళు పోయాయంటే ఇంకేం మిగిలిందే? నీ మీద అరిచినప్పుడల్లా, నువ్వు సరిగ్గా ఉతకలేదనే నమ్మాలనిపించేది. అలా నమ్మితే నా కళ్ళు బాగున్నట్టే కదా..."

ఎంత మాట! ఆ మాటకి వేల్తాయి ఏడుపు ఆగిపోయింది. భర్త చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

పొన్నమ్మాళ్ ముక్కు చీదుకుంది. "ఒరే వెర్రివాడా! ఇది శుక్లాలురా! మా వియ్యపురాలికి మదురైలో తీశారు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది, పైగా కోడలి వంటలో వెంట్రుకలు ఏరుతోంది! పద, అణ్ణాచ్చికి చెప్దాం."

"వద్దు!" గురుసామి లేచి నిలబడ్డాడు. "ఈ సంగతి గడప దాటకూడదు. ఆపరేషన్ చేసిన కళ్ళని రంగు దగ్గర ఎవడు నమ్ముతాడు? తప్పు చేశాడు అంటే ఇవాళ్టితో పోతుంది. కళ్ళు లేవు అంటే నా పేరే పోతుంది. కనీ... నా మీద ఒట్టు! నువ్వు అణ్ణాచ్చికి చెప్పకూడదు."

అన్నకని తల ఊపింది. తండ్రి అడిగితే తల ఊపడం తప్ప ఆ పిల్లకి ఇంకోటి తెలియదు. కానీ ఆ పూట అన్నం సహించలేదు. బొమ్మ మళ్ళీ వెయ్యాలి. రాజపాళయం నుంచి తవసిలింగం అనే మెషీన్‌మ్యాన్‌ని పిలిపించారట. వాడు వేసిన బొమ్మ ఆల్బమ్‌లో మొదటి పేజీ అయితే, నాన్న చోటు ఇక వాడిదే. అది కూడా భరించవచ్చు... అసలు బొమ్మే చెడిపోయి పూజకి అందకపోతే? అది నాన్న వల్ల అని ఊరంతా అంటుంది. ఈ నిజం చెప్తే నాన్న పేరు పోతుంది. చెప్పకపోతే నాన్న పరువు పోతుంది. ఇందులో ఏది చిన్న నష్టమో తూచే త్రాసు ఎక్కడ దొరుకుతుంది?

మూడో రోజు పొద్దున పొన్నమ్మాళ్ పనికి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "పసుపూ ఎరుపూ అయ్యాయి. ఇవాళ నీలం వేస్తున్నారు. తవసిలింగానికి చెమటలు పడుతున్నాయి" అంది.

వేల్తాయి గబగబా కూతురి తల దువ్వింది. జడ బిగించి కట్టి చుట్టచుట్టింది. "వెళ్ళవే అత్తతో."

"అమ్మా! నాన్న ఒట్టు..."

"నోరు విప్పనని ఒట్టేశావు. విప్పకు. వెళ్ళి చూడు. చూడొద్దని ఎవరూ అనలేదుగా!" వేల్తాయి కళ్ళు తుడుచుకుంది. "చిన్నప్పటి నుంచీ మీ నాన్న నీకు నేర్పింది ఊరికే పోకూడదే. నేను ఉతికే చేతులతో పుట్టాను. నువ్వు చూసే కళ్ళతో పుట్టావు."

ప్రెస్సులో ఆడవాళ్ళు కుట్టు దగ్గర ఉంటారు, జిగురు దగ్గర ఉంటారు, కాగితాలు పేర్చే చోట ఉంటారు. మెషీన్ హాలులోకి రారు. రాకూడదని ఎక్కడా రాసి లేదు. ఎవరూ రాలేదు, అంతే. అన్నకని కూడా గుమ్మం దగ్గరే అత్త వెనక దాక్కున్నట్టు నిలబడింది. లోపల కిరసనాయిలు వాసన, ఇంకు వాసన. నాన్న ఒంటి వాసన! ఆ వాసనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మెషీన్ ఆగి ఉంది. తవసిలింగం బల్ల మీద షీటు పరిచి, నమూనా పక్కన పెట్టి, ట్యూబ్‌లైటు కింద వంగి చూస్తున్నాడు. చుట్టూ పదిమంది మెషీన్‌మ్యాన్లు. అణ్ణాచ్చి నుదురు పట్టుకుని నిలబడ్డాడు.

"నమూనాతో సరిగ్గా సరిపోయింది అణ్ణాచ్చీ. ఇంతకంటే ఏం చెయ్యమంటారు?"

"సరిపోయిందయ్యా... అయినా పిల్లాడి మొహంలో కళ లేదు. ఎందుకో చెప్పు!"

పదిమందీ మళ్ళీ షీటు మీదికి వంగారు. అన్నకని చూస్తోంది. ఎందుకో ఆమెకు తెలుసు! ఎలా నడిచిందో ఆమెకే తెలియదు... పదిమంది మగవాళ్ళ మధ్యలోంచి వెళ్ళి, బల్ల మీది షీటునీ నమూనానీ తీసుకుని, ఒక్క మాటా అనకుండా బయటికి నడిచింది!

"ఏయ్ పిల్లా! ఎవరమ్మా నువ్వు?"

"గురుసామి కూతురు" అంది పొన్నమ్మాళ్. "అరవకండి. జడుసుకుంటుంది."

అన్నకని గడప మీద, పొద్దుటి వెలుగులో రెండింటినీ పక్కపక్కన పట్టుకుంది. జనం బొమ్మని ఇంట్లో పగటి వెలుగులో చూస్తారు, ట్యూబ్‌లైటు కింద కాదు అని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు! వెనకే వచ్చిన తవసిలింగం చూసి నోరు తెరిచాడు. లైటు కింద ఒక్కటిగా కనిపించిన షీటు మీది చెంపా, నమూనా మీది చెంపా ఎండలో వేరువేరుగా ఉన్నాయి.

"అన్నా..." అన్నకని గొంతు చీమ నడిచినట్టుంది. "చెంపల దగ్గర... నీలం కొంచెం తగ్గించండి. అక్కడొక్క చోటే. నెమలి దగ్గర తగ్గించొద్దు. అక్కడ సరిగ్గా ఉంది."

తవసిలింగం మంచివాడు. మెషీన్ మీద వరుసగా ఉన్న, ఎక్కడెంత ఇంకు పడాలో చెప్పే స్క్రూలలో నడిమి రెండింటిని కొద్దిగా బిగించాడు. ఇరవై షీట్లు తీశాడు. మళ్ళీ గడప దగ్గరికి తెచ్చాడు.

"ఇంకో రవ్వ" అంది అన్నకని. మళ్ళీ ఇరవై షీట్లు.

మూడోసారి ఆ షీటు వెలుగులో పట్టుకోగానే... అబ్బ! బాలమురుగన్ చెంపల్లోకి ఎక్కడి నుంచో నెత్తురు వచ్చింది! పొన్నమ్మాళ్ గబుక్కున లెంపలు వేసుకుంది.

అణ్ణాచ్చి షీటు వైపు కాదు, పిల్ల వైపు చూశాడు. "ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా నాన్న."

"ఇంత నేర్పినవాడు... మరి తనెందుకు తప్పు వేశాడు?"

నిజం చెప్పకూడదు. చెప్పకపోతే నాన్న నిర్లక్ష్యంగా పనిచేసినట్టు అవుతుంది! "ఆ తప్పు నాదే అణ్ణాచ్చీ... నాన్న నన్ను చూసి చెప్పమన్నాడు. నేనే తప్పు చెప్పాను. నాన్నని ఏమీ అనకండి. నన్ను అనండి!"

"అదేంటే ఆ మాట!" పొన్నమ్మాళ్ అడ్డుపడింది. "ఆ వారమంతా నువ్వు నాతో సాత్తూరులో ఉంటివిగా! మురుకులు వత్తుతూ చెయ్యి కూడా కాల్చుకుంటివి! నిద్రలో చెప్పావా ఏంటి మీ నాన్నకి?"

అంత కంగారు మధ్య కూడా ఒకరిద్దరు నవ్వారు. అన్నకని మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకుంది. అబద్ధం కూడా సరిగ్గా చెప్పలేకపోయింది! నాన్న ఒట్టూ నిలవలేదు, నాన్న పేరూ నిలవలేదు...

"అబద్ధం చెప్పకు తల్లీ. నీకు రాదు."

అందరూ తిరిగి చూశారు. గురుసామి! వెనకాల వేల్తాయి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె ప్రెస్సు గుమ్మం తొక్కడం అదే మొదలు. కూతుర్ని పంపించాక భర్త దగ్గరికి వెళ్ళి, "మీ పేరు నిలబెట్టడానికి మీ కూతురు వెళ్ళింది. మీరు ఇక్కడ గోడ చూస్తూ కూర్చోండి" అందట. అంతే!

గురుసామి చెయ్యి చాచి, వెలుతురు తడుముకుంటున్నట్టు నాలుగడుగులు వేసి, అణ్ణాచ్చి ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"నా కళ్ళకి శుక్లాలు వచ్చాయి అణ్ణాచ్చీ. ఏడాదైంది. ఈ ఏడాది మీరు నా రంగు అని మెచ్చుకున్నదంతా దీని రంగు. ఇది ఇంటి దగ్గర చూసి చెప్పింది, నేను ఇక్కడ స్క్రూ తిప్పాను. ఇది ఎనిమిది రోజులు ఊళ్ళో లేదు... నేను నమూనా కూడా చూడలేదు. చూస్తే మిగతావాళ్ళలా అయిపోతానని గర్వం! ఆ గర్వమే దేవుడి మొహాన నీలం పూసింది. తప్పు నాది. కళ్ళు దానివి."

"నాన్నా!" అని అన్నకని ఆయన భుజం మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. గురుసామి ఆమె తల నిమురుతూ, "ఏడవకే... షీటు మీద నీళ్ళు పడితే ఇంకు చెదురుతుంది" అన్నాడు. ఆ మాటకి తవసిలింగమే ముందు కళ్ళు ఒత్తుకున్నాడు.

అణ్ణాచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఇరవై ఆరేళ్ళుగా నా దగ్గరున్న మనిషివి. నాకు చెప్పడానికి ఏడాది పట్టిందా నీకు? పూజ అయిన మర్నాడు మదురై వెళ్ళు. నేనే బస్సెక్కిస్తాను. కళ్ళు వచ్చాక ఆ మెషీన్ దగ్గరికే రావాలి." చుట్టూ చూశాడు. "ఇప్పుడైతే మెషీన్ ఆగి ఉందయ్యా! నిలబడి ఏడుస్తారేంటి అందరూ?"

తవసిలింగం పక్కకు జరిగి, స్క్రూల దగ్గరికి గురుసామికి చోటిచ్చాడు. ఆ రోజంతా గురుసామి చేతులు, అన్నకని కళ్ళు! గంటకోసారి షీటు తీసి గడప దగ్గరికి పరుగెత్తేది. "కుడిపక్క రవ్వంత" అంటే ఆయన వేళ్ళు రవ్వంతే కదిలేవి. అంతకన్నా ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ కదిలేవి కావు. చూస్తున్న మెషీన్‌మ్యాన్లు పని మరిచిపోయారు. మర్నాడు నలుపు పడేముందు, మిగతావన్నీ ఏ షీటులా ఉండాలో ఆ షీటు మీద సంతకం చెయ్యాల్సి వచ్చింది. అది మెషీన్‌మ్యాన్ చేసే సంతకం. గురుసామి పెన్సిల్ తీసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, కూతురి చేతిలో పెట్టాడు. అన్నకని పరీక్ష పేపరు మీద రాసినట్టు, ఇంటిపేరుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తి పేరు రాసింది!

ఆడి పద్దెనిమిది పూజకి ఆల్బమ్ అందింది. చిత్రాన్నాలు పంచుతుండగా అణ్ణాచ్చి అన్నకనిని పిలిచాడు. "నీకు పని ఇస్తున్నానమ్మా. లోపల గదిలో బల్ల, కుర్చీ, ఫ్యాను. షీట్లు నీ దగ్గరికే వస్తాయి. చూసి చెప్తే చాలు."

అన్నకని తల దించుకునే నిలబడింది. "అణ్ణాచ్చీ... నాకు కుర్చీ వద్దు. మెషీన్‌కి ఇంకు పట్టించే రోలర్లు కడిగే పని ఇవ్వండి."

పక్కనున్న మెషీన్‌మ్యాన్ ఒకడు పకపకా నవ్వాడు. "రోలర్లా! చేతులు మోచేతుల దాకా నల్లబడిపోతాయి. రేపు పెళ్ళివారు వస్తే ఏం చూపిస్తావమ్మా?"

"నీ నల్లచేతులు చూసి నీకు పిల్లనివ్వలేదేంట్రా?" అంది పొన్నమ్మాళ్ పులిహోర నములుతూ. "ఒకటికి ఇద్దర్ని చేసుకోబోయావు కూడాను!"

నవ్వులు ఆగాక అన్నకని మెల్లగా అంది. "నాన్న కూడా రోలర్లు కడగడంతోనే మొదలుపెట్టాడు. నాకు చూడటం వచ్చు... చెయ్యడం రాదు. చెయ్యడం కూడా రావాలి."

అణ్ణాచ్చి గురుసామి వైపు చూశాడు. గురుసామి మొహంలో ఏదో వెలిగింది. కానీ గొంతు మాత్రం కఠినంగానే ఉంది. "ఒక ఏడాది రోలర్లు. రెండో ఏడాది కాగితం పెట్టడం. మూడో ఏడాది స్క్రూల మీద చెయ్యి వెయ్యనిస్తాం. నా కూతురని ఒక్క రోజు కూడా తగ్గించకండి అణ్ణాచ్చీ." ఆ తర్వాత ఎవరికీ వినబడకుండా వేల్తాయితో, "నాకు నాలుగేళ్ళు పట్టింది, దానికి మూడు చాలు" అన్నాడు.

మదురైలో ఆపరేషన్ బాగా జరిగింది. ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని గురుసామి ఇంట్లో ఉన్నాడు. పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం వేల్తాయి అన్నం తీసుకుని ప్రెస్సుకి వెళ్ళింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. నేరుగా మెషీన్ హాలులోకి నడిచింది.

అన్నకని నేల మీద కూర్చుని రోలరు తుడుస్తోంది. చేతులు మోచేతుల దాకా నలుపు. ముక్కు మీద నలుపు. జడ చివర కూడా ఎర్ర ఇంకు! పొద్దున పసుపు తుడిచిన గుడ్డ, తర్వాత ఎరుపు తుడిచిన గుడ్డ పక్కన పడి ఉన్నాయి. పుట్టినప్పుడు పసుపూ నలుగూ పెట్టి ఎన్నిసార్లు రుద్దింది ఆ చేతుల్ని! ఇప్పుడు ఏ సబ్బుకీ పోని నలుపు... కానీ ఆ చేతులు రోలరు మీద ఎంత ఒద్దికగా, ఎంత నమ్మకంగా కదులుతున్నాయి! అచ్చం ఆయన చేతులే!

"అమ్మా! నువ్వెందుకు వచ్చావు? చెయ్యి కడుక్కునేసరికి గంట పడుతుంది. అక్కడ పెట్టి వెళ్ళు."

వేల్తాయి పెట్టలేదు. కూతురి ఎదురుగా నేల మీద చతికిలబడింది. గిన్నె మూత తీసి, సాంబారన్నం కలిపి, నంజుకోవడానికి అప్పడం విరిచి, ముద్ద చేసింది. మెషీన్లన్నీ భోజనానికి ఆగి ఉన్నాయి. తవసిలింగంతో కలిపి పదకొండు మంది మగవాళ్ళు తమ తమ గిన్నెల ముందు కూర్చుని ఇటే చూస్తున్నారు.

"నోరు తెరువు."

"అమ్మా... అందరూ చూస్తున్నారే!"

"చూడనీ. తెరువు."

కొట్టువాణ్ణి చిల్లర అడగలేని పిల్ల, చుట్టాలొస్తే వంటింట్లో దాక్కునే పిల్ల... నల్లటి చేతులు రెండూ బట్టలకి అంటకుండా దూరంగా పట్టుకుని, పదకొండు మంది ముందు నోరు తెరిచింది.